కోళ్ళగూటి పలక

మా ఊరు, చంద్రగిరి మండలం
జనవరి, కనుమ వెళ్ళిన వారం

రేవతికి,

ఈ పొద్దున మా కోళ్ళగూటికి తలుపు లేదు. అయినా కోళ్ళు బయటికి రాలేదు. అమ్మ నూకలు చల్లి పిలిచింది. లోపలే ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి.

తలుపును మీ నాయన మనిషి విజయ్ కుమార్ తీసుకెళ్ళాడు. మా తమ్ముడు శేఖర్‌ని కూడా తీసుకెళ్ళాడు. నిన్న పొద్దున, ఊరంతా చూస్తుండగా.

నీ ఫోను పలకడం లేదు. అందుకని, వేసవి సెలవుల్లో మన స్కూలు సిస్టర్ మనచేత ఉత్తరాలు రాయించినట్టు కాగితం మీద రాస్తున్నాను. మీ వంటావిడ అలివేలమ్మ పుట్టిల్లు మా ఊరే కదా. ఈ మధ్యాహ్నం చిత్తూరు బస్సెక్కుతుంది. ఆమె చేతికిస్తున్నాను.

జరిగింది వరసగా చెప్తాను. పశువుల పండగను నువ్వెప్పుడూ మీ తోట మేడ మీద నుంచి చూసినదానివే. ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వీధిలోకి వదులుతారు. పలక మీద దేవుడి బొమ్మో, సినిమా హీరో బొమ్మో, నాయకుడి బొమ్మో ఉంటుంది. పరిగెత్తే ఎద్దు మీద పడి ఎవడు లాక్కుంటే పలక వాడిది. ఎద్దు గలవాళ్ళు కోపం పెట్టుకోకూడదు. అది మా ఊరి కట్టు. మీ తోట నుంచి వచ్చే ఎద్దుకు మీ నాయన బొమ్మ కడతారు. దాని మీద ఇంతవరకు ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అది వస్తుంటే పక్కకు జరిగి దండం పెడతారు. ఎవరూ పైకి చెప్పకపోయినా అదీ మా ఊరి కట్టే.

ఈసారి శేఖర్ వీధిలోకి దిగాడు. వాడు మోటార్లకు వైండింగ్ చేసుకునేవాడు. వేళ్ళకు దెబ్బ తగిలితే పని పోతుందని ఎన్నడూ ఎద్దుల జోలికి పోలేదు. మిగతా ఎద్దులన్నిటినీ వదిలేసి మీ ఎద్దు కోసం కాచుకున్నాడు. మెడను కరుచుకుని, అది ఈడ్చుకుపోతున్నా వదలకుండా పలక తెంపుకొచ్చాడు. మోచేతి చర్మం లేచిపోయింది. వీధిలో ఒక్కరూ ఈల వెయ్యలేదు.

వాడు పలకను తెచ్చి మూలన పెట్టాడు. మరుసటి రోజు అమ్మ దాన్ని కోళ్ళగూటికి తలుపు చేసింది. పాతదాన్ని చెదలు తినేశాయి. ఇది టేకు పలక, కొలత కూడా కుదిరింది.

"అది ఎమ్మెల్యే బొమ్మ గదమ్మే" అన్నాడు నాయన.

"అయితే ఏమి? ఓటేసినాము గదా. ఒక పనికన్నా రానీ" అంది అమ్మ.

ఎగతాళికి అనలేదు. మా అమ్మ నీకు తెలుసు. ఇంట్లో ఏ వస్తువైనా ఊరికే పడి ఉంటే ఆమెకు తోచదు.

ఎవరో దారిన పోతూ ఫోటో తీశారు. గూటికి అడ్డంగా మీ నాయన నవ్వుతూ ఉన్నారు. పక్క సందులోంచి ఒక పెట్ట తల బయట పెట్టింది. కింద "పెట్టలకు కాపలా" అని రాసి వాట్సాప్‌లో తిప్పారు. తిరుపతిలో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీ దాకా వచ్చింది. మా అటెండరు దాన్ని తెచ్చి నాకే చూపించి నవ్వాడు. జనం ఎందుకంత నవ్వారో నేను రాయను. తోట గురించి చెప్పుకునేవి నీ చెవిన కూడా పడే ఉంటాయి.

నిన్న రెండు జీపుల్లో వచ్చారు. "ఎవుర్రా మా అన్నను కోళ్ళకు కాపలా పెట్టినోడు?" అని విజయ్ కుమార్ అరిచాడు. ఒకడు పలక పీకాడు. ఇంకొకడు పుంజును కాళ్ళు పట్టుకుని, అది చచ్చేదాకా గోడకేసి కొట్టాడు. శేఖర్ బయటికొచ్చి, "పలక తీసినోణ్ణి నేను. ముసలోళ్ళను ముట్టొద్దండి" అన్నాడు. వాణ్ణి జుట్టు పట్టి ఈడ్చారు. తల సగం లోపల ఉండగానే జీపు తలుపు వేశారు. మళ్ళీ తెరిచి మళ్ళీ వేశారు. వాళ్ళు పోయాక నాయన వాకిట్లో వెతికి ఒక పన్ను ఏరాడు. దాన్ని తువ్వాలు కొసన ముడి వేసుకున్నాడు.

నేను అడిగేది ఒక్కటే. వాడు ప్రాణంతో ఉన్నాడా? ఉంటే ఎక్కడ? కనుక్కుని రాయి.

లోహిత


చిత్తూరు
అదే వారం

లోహీ,

నీ అక్షరాలు అస్సలు మారలేదు. చూడగానే డెస్కూ, డెస్కు కింద మనం దాచుకున్న చింతకాయలూ గుర్తొచ్చాయి. ఏడో నెల పొట్టతో నేల మీద కూర్చుని రాస్తున్నాను. లేవాలంటే అలివేలమ్మ చెయ్యి పట్టుకోవాలి. లావు సిస్టర్‌ను చూసి నవ్వుకున్నాం కదా, ఇప్పుడు ఆమె రుణం తీర్చుకుంటున్నాను.

ఆ ఫోటో వచ్చిన రోజే ఇంట్లో అందరి ఫోన్లూ విజయ్ కుమార్ తీసుకున్నాడు. "ఎవురు ఎవురికి పంపినారో సూడాల పాపా, అంతే" అన్నాడు. నాదీ ఇచ్చేశాను. నాకు దాచుకునేదేముంది?

శేఖర్ సంగతి అడిగాను. "రెండు తగిలించి స్టేషన్లో అప్పజెప్పినాము పాపా. వాళ్ళే ఇంటికి పంపిస్తారు" అన్నాడు. ఇది నీకు చేరేలోపు వచ్చేసే ఉంటాడు. మావాళ్ళు మొరటువాళ్ళు, కాదనను. పన్ను దగ్గర ఆగిపోయాను, ముందుకు చదవలేక. కానీ నాయన అట్లా చెయ్యమని చెప్పే మనిషి కాదు లోహీ. ఫోటో చూసి ఆయన నవ్వాడట, అమ్మే చెప్పింది. తోట గురించి జనం అనేవి నేనూ విన్నాను. పదవిలో ఉన్నవాడి మీద ఏదో ఒకటి పుట్టిస్తూనే ఉంటారు. నీకు డిగ్రీ సీటు ఇప్పించింది ఎవరు? ఆయనే కదా.

శేఖర్‌ని తెచ్చిన రోజు నేను తోటలోనే ఉన్నాను. చెరుకు రసం మీద మనసు పుట్టింది. మా గానుగ అక్కడే. నాకు ఎవరూ కనిపించలేదు.

ఇంకొక మాట. డిగ్రీ మొదటి ఏడు నుంచి నువ్వు మా ఇంటికి రావడం మానేశావు. నేను మద్రాసులో చదువుతూ అక్కడి నుంచి ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. నా పెళ్ళికి మండపం గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయావని ఎవరో చెప్పారు. నా తప్పేమిటో ఇప్పటికీ తెలీదు. ఇప్పుడు అవసరం పడి రాశావు. అయినా సంతోషమే.

సున్నుండలు పంపుతున్నాను. మీ అమ్మకివ్వు.

నీ రేవతి


తిరుపతి
జనవరి చివర

రేవతికి,

శేఖర్ రాలేదు. స్టేషన్‌కు వెళ్ళాను. "అట్లాంటోణ్ణి ఎవుర్నీ తేలేదమ్మా. ఎవురితోనన్నా లేచిపోయినాడేమో" అన్నారు. రాసుకోమంటే పెన్ను లేదన్నారు. నా పెన్ను ఇచ్చాను. జేబులో పెట్టుకున్నారు.

నాయన మీ ఇంటికి వచ్చాడు. నీకు తెలిసి ఉండదు, నువ్వు మేడ మీద ఉంటావు. అర్జీలు పట్టుకుని వరండా నిండా జనం ఉన్నారట. మీ నాయన కుర్చీలో కూర్చుని ఇడ్లీ తింటున్నారు. నాయన కాళ్ళ మీద పడ్డాడు.

"ఎవురప్పా నువ్వు?"

"కోళ్ళగూటోళ్ళం సామీ."

జనం నవ్వబోయి ఆపుకున్నారు. మీ నాయన చెయ్యి కడుక్కుని, "మీ ఇంట్లో కోళ్ళు బాగా కూస్తాయంటనే. ఏదీ, కుయ్యి" అన్నారు. నాయనకు మొదట అర్థం కాలేదు. విజయ్ కుమార్ పిక్కల మీద లాఠీతో కొట్టాడు. నాయన కూశాడు. "వినపళ్ళేదు" అన్నారు మీ నాయన. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కూశాడు. అప్పుడు అందరూ నవ్వారు. ఇది నాకు నాయన చెప్పలేదు. అర్జీ పట్టుకుని అక్కడే నిలబడ్డ మా పక్కింటాయన చెప్పాడు. తనూ నవ్వాడని కూడా చెప్పాడు. నాయన ఇంటికి వచ్చి పంచె మార్చుకోకుండా పడుకున్నాడు. పొద్దున చూస్తే పిక్కల నెత్తురుకు పంచె అంటుకుపోయింది. నీళ్ళతో తడిపి విడదీశాను.

మీ నాయన షరతు ఇది. ఫోటో ఎక్కడ తీశారో అక్కడే, ఆ పలకకు మా అమ్మ పాలాభిషేకం చెయ్యాలి. చేస్తే శేఖర్‌ని వదులుతారు.

చేసింది. పలకను కడిగి, దండ వేసి, కుర్చీలో పెట్టి తెచ్చారు. జెండాలు తెచ్చారు. పాలు మాత్రం మావే. అమ్మ అప్పుడే పితికింది. దూడను తాగనివ్వలేదు, అది అరుస్తూనే ఉంది. విజయ్ కుమార్ వీడియో తీయిస్తూ, "ఇంగొంచెం పైనించి పొయ్యి మునెమ్మా. మొగం మీద పడాల. నవ్వు" అన్నాడు. అమ్మ నవ్వింది. మా అమ్మ అట్లా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఇక చూడకూడదు.

చెంబు దించి, "మా బిడ్డ యాడ నాయనా?" అంది.

"వస్తాడు ఫో" అన్నాడు.

రాలేదు. జీపు కదిలేటప్పుడు వెనక కూర్చున్నవాడు, "ఆ చేత్తో ఇంగ ఏ పలకా తియ్యడులే అవ్వా" అన్నాడు. అమ్మకు అర్థం కాలేదు. నాకు అయింది.

తోటలో ఎవరూ కనిపించలేదని రాశావు. కనిపించలేదా అని నేను అడగను. వినిపించిందా?

సున్నుండలు తిరిగి పంపుతున్నాను. ఏమీ అనుకోకు. ఇంట్లో ఎవరికీ గొంతు దిగడం లేదు.

లోహిత


చిత్తూరు

లోహితా,

వినిపించింది.

నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. రసం కోసమే. "చెరుకు ఇంకా కొట్టుకు రాలేదు పాపా, రేపు తీస్తాము" అన్నాడు తోటమాలి. సరే అని లేవబోతుండగా గానుగ మోటారు ఆన్ అయింది. చెరుకు లేకుండా గానుగ ఎందుకు తిప్పుతున్నారా అనుకున్నాను. అప్పుడు ఒక అరుపు. ఒక్కటే. తర్వాత మోటారు కాసేపు మూలిగి ఆగిపోయింది. దేనికో అడ్డం పడినట్టు. మళ్ళీ వెనక్కి తిప్పారు. అప్పుడు వచ్చింది అరుపు కాదు. దాన్ని ఏమంటారో నాకు తెలీదు.

నాయన గానుగ కొట్టంలోంచి వచ్చాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఈడేం జేస్తా ఉండావు? ఎండ. కారెక్కు" అన్నాడు. ఎక్కాను. దారిలో ఆయన నాకు మామిడి పూత చూపించాడు.

మర్నాడు రసం వచ్చింది. రాగి చెంబు నిండా. అల్లం, నిమ్మకాయ వేసి. నేను తాగాను లోహితా. ఇంకో గ్లాసు అడిగి తాగాను. నీ మొదటి ఉత్తరం ఆ సాయంత్రం వచ్చింది. చదివి కూడా నీకు చింతకాయల గురించి రాశాను.

నిన్న అలివేలమ్మను తోటకు పంపాను, మామిడాకులకని. ప్రాణంతో ఉన్నాడు. పంపుసెట్టు గదిలో పెట్టారు. ఎవరో ఆర్‌ఎంపీ వచ్చి కట్టు కట్టాడట. కుడి చెయ్యి. వాసన గది బయటికే వస్తోందని చెప్పింది. నీళ్ళు అడిగితే తలుపు కింది నుంచి తన కొంగు తడిపి అందించిందట.

ఈ మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ఉంటారు. కలెక్టరాఫీసు వాళ్ళు కూడా వస్తున్నారు. వాళ్ళ ముందే ఆయన్ని అడుగుతాను.

రేవతి


తిరుపతి, పెద్దాసుపత్రి
ఫిబ్రవరి

రేవతికి,

ఏర్పేడు దాటాక రోడ్డు పక్క ముళ్ళకంపలో పడేసి పోయారు. గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు చూశారు. నువ్వు అడిగిన మర్నాడే. అడిగావని అందుకే నాకు తెలిసింది.

మోచేతి పైదాకా తీసేశారు. జ్వరం తగ్గింది. పై వరస పళ్ళు లేవు. గంజి పోస్తున్నాను.

పోలీసులు వచ్చి అడిగారు. వాడు, "గానుగలో చెరుకు పెడతా ఉంటే చెయ్యి జారింది సార్" అని చెప్పాడు. ఎవరి గానుగ అంటే గుర్తులేదన్నాడు. వాళ్ళు చాలా సంతోషంగా రాసుకున్నారు. ఈసారి పెన్ను వాళ్ళదే.

లోహిత


చిత్తూరు
మార్చి

లోహీ,

ఆడపిల్ల. కాస్త ముందే వచ్చింది, బాగానే ఉంది. ఇప్పుడే నిద్రపోయింది. లేచేలోపు ఇది రాయాలి.

ఆ రోజు అడిగాను. "పంపుసెట్టు గదిలో ఉన్నవాణ్ణి ఆస్పత్రికి ఎప్పుడు పంపిస్తారు?" అని. ఒక ఆఫీసరు తల వంచుకుని పెరుగు కలుపుకుంటూనే ఉన్నాడు. వాళ్ళు వెళ్ళాక ఆయన నన్ను కొట్టాడు. చెంప మీద కాదు, చెవి మీద. గోడకు తగిలి కూర్చుండిపోయాను. ఎడమ చెవిలో ఇప్పటికీ గానుగ తిరుగుతున్నట్టే ఉంటుంది. "పొట్టతో ఉండావని వదిలినా" అన్నాడు. అమ్మ చూసింది. చూసి, కింద పడ్డ గిన్నెలు తీసింది.

నేనిప్పుడు ఆయన్ని నాయన అని రాయడం లేదు. గమనించావో లేదో.

మా ఆయన రేపోమాపో నన్ను వాళ్ళింటికి తీసుకెళ్తాడు. ఈ ఇల్లు దాటాక, మేజిస్ట్రేటు దగ్గర విన్నది విన్నట్టు చెప్పాలని ఉంది. మా ఆయనతో అంటే, "దెబ్బ తిన్నోడే ప్రమాదం అంటా ఉంటే నీకెందుకే?" అన్నాడు. నిజమే కదా. వాడే అట్లా చెప్తే నా మాట ఎవరు నమ్ముతారు?

అసలు వాడు ఎందుకు అట్లా చెప్తున్నాడు? భయమా? భయపడేవాడైతే ఆ ఎద్దు మీద ఎందుకు పడ్డాడు? అవతలి పార్టీవాళ్ళు నేర్పి పంపించారని ఇక్కడ అంటున్నారు. నేను నమ్మను. కానీ వేరే కారణమూ నాకు తోచడం లేదు. వీధి నిండా ఎద్దులుండగా మాదాని కోసమే కాచుకున్నాడని నువ్వే రాశావు.

నా కన్నతండ్రి మీద సాక్ష్యం చెప్పాలి. ఆ తర్వాత నాకు పుట్టిల్లు ఉండదు, అమ్మ ఉండదు. చెప్తాను. కానీ ఎందుకు మొదలైందో తెలియకుండా చెప్పలేను. నీకు తెలుసు. నీ ఉత్తరాల్లో ఒక వాక్యం ఎప్పుడూ తక్కువ ఉంటుంది. స్కూల్లో కూడా అంతే.

రేవతి


మా ఊరు, చంద్రగిరి మండలం
ఏప్రిల్

రేవతికి,

ఈ పొద్దున శేఖర్ ఎడమ చేత్తో చొక్కా గుండీ ఒకటి పెట్టుకున్నాడు. రెండోది నన్ను పెట్టమన్నాడు. కోళ్ళు వాకిట్లో తిరుగుతున్నాయి. గూటికి ఇప్పటికీ తలుపు లేదు. నాయన రేకు ముక్క తెస్తే అమ్మ వద్దంది.

పాపకు ఏం పేరు పెట్టారో రాయలేదు. రాయి.

నీ ఉత్తరం వచ్చాక దాన్ని వాడికి చదివి వినిపించాను. ప్రమాదమని ఎందుకు చెప్పావురా అని మొదటిసారి అడిగాను. పళ్ళు లేక వాడి మాట ఇప్పుడు మెత్తగా వస్తుంది.

"గానుగలో జారినానంటే గానుగతో ఆగిపోతాది అక్కా. ఎద్దు కాడికి పోతే, ఆ ఎద్దే ఎందుకని అడుగుతారు. ఆడి నుంచి నీ కాడికి వస్తారు."

"వస్తే రానీ" అన్నాను.

వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం దాకా అన్నం తినలేదు. తర్వాత లేచి, "మేజిస్ట్రేటు ముందర నేను కూర్చోవచ్చునా, నిలబడాల్నా?" అని అడిగాడు. నిలబడితే వాడికి ఇంకా కళ్ళు తిరుగుతాయి.

సోమవారం వెళ్తున్నాం. వాడు తన సంగతి చెప్తాడు. నేను నాది చెప్తాను. నువ్వు వచ్చినా రాకపోయినా చెప్తాను. నాకు నలుగురిలో మాట్లాడటం చేతకాదని నీకు తెలుసు, అందుకే ఒక కాగితం మీద రాసుకున్నాను. మధ్యలో తడబడకుండా లైబ్రరీ వెనక గదిలో నిలబడి పైకి చదువుకుంటున్నాను. అమ్మకు నిన్న చెప్పాను. ఆమె లేచి, పాలు పోసిన ఆ చెంబును తీసుకెళ్ళి బావిలో పడేసింది. వస్తువు పారెయ్యడం మా అమ్మ ఎన్నడూ ఎరగదు.

నీ తప్పేమిటో తెలీదని రాశావు. నీ తప్పేమీ లేదు. తక్కువైన వాక్యం అడిగావు. అది కోర్టు కంటే ముందు నీకు చేరాలి.

డిగ్రీ మొదటి ఏడు, దసరా సెలవుల ముందు, మీ కారు మా కాలేజీ గేటు దగ్గరికి వచ్చింది. నీకు జ్వరమనీ, నన్ను చూడాలని అడుగుతున్నావనీ విజయ్ కుమార్ చెప్పాడు. నువ్వు మద్రాసు నుంచి రాలేదని నాకు తెలీదు. తోటలో మీ నాయన ఒక్కరే ఉన్నారు. నేను లోపలికి రాగానే తలుపు గడియ పెట్టారు. ఆ సాయంత్రం పంపుసెట్టు మోటారు విప్పడానికి వచ్చిన శేఖర్ నన్ను గేటు బయట చూసి, సైకిలు మీద ఇంటికి తీసుకొచ్చాడు.

లోహిత